బొప్పాయి తింటే పాపకి రక్తం పడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తాడిపత్రి దగ్గర పల్లెటూరు. మా పాపకి 15 ఏళ్ళు, ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే ఆయాసం. టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. బొప్పాయి రోజూ పెడితే రక్తం పడుతుందని పక్కింటామె అంటోంది, మా అత్తేమో వేడి చేస్తుంది వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 9.4 గురించి చెప్తాను. ఈ వయసు ఆడపిల్లకి 12 అన్నా ఉండాలి, కాబట్టి ఇది పండుతో సరిపోయే సంగతి కాదు, ఐరన్ టాబ్లెట్ కావాల్సిందే. దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి ఆ రిపోర్ట్ తీసుకుపోయి చూపించండి, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేసింది, ఇవి కూడా అడుగుతారు, పాపని సిగ్గుపడకుండా చెప్పమనండి.

ఇంక బొప్పాయి. నిజం చెప్పాలంటే దాంట్లో ఐరన్ చాలా తక్కువ, 100 గ్రాముల్లో పావు మిల్లీగ్రాము ఉంటే గొప్ప, పాపకేమో రోజుకి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి. అయినా నేను పెట్టమనే చెప్తాను, ఎందుకంటే ఆ 100 గ్రాముల్లోనే 60 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటుంది. మనం తినే రాగి సంగటి, ఆకుకూర పప్పు, సెనక్కాయలు వీటన్నిట్లో ఐరన్ ఉన్నా పేగు దాన్ని అంత ఈజీగా పీల్చుకోదు, విటమిన్ సి పక్కనే ఉంటే బాగా పీల్చుకుంటుంది. అందుకే బొప్పాయి ఎప్పుడో సాయంత్రం కాకుండా సంగటి తిన్న వెంటనే, అదే పూట పెట్టాలి. నాలుగైదు ముక్కలు, ఒక చిన్న కప్పు చాలు. అప్పటికప్పుడు కోసినదైతే మంచిది, బండి మీద పొద్దున కోసి ఈగలు వాలేవి వద్దు. బొప్పాయి దొరకని రోజు జామకాయ పెట్టండి, విటమిన్ సి దాంట్లో ఇంకా ఎక్కువ. ఏదీ లేకపోతే పప్పులో నిమ్మకాయ పిండినా పనికొస్తుంది, కాకపోతే పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి.

ఇంకో మాట, ఇది చాలా ఇళ్ళల్లో చూస్తున్నా. అన్నం తిన్న చేత్తోనే టీ గ్లాస్ పట్టుకుంటారు, పిల్లలకి కూడా పోస్తారు. టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనీదు, తిండికీ టీకీ మధ్య గంటన్నా గ్యాప్ ఉండాలి. ఐరన్ టాబ్లెట్ కూడా టీతో, పాలతో వేయొద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి, ఆ మందుకి అలాగే అవుతుంది.

అత్తమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. పచ్చి బొప్పాయిని గిచ్చితే పాలు కారతాయి చూడండి, ఆ పాలతోనే ఇబ్బంది, గర్భిణీలకి పచ్చిదీ సగం పండిందీ వద్దని మేమూ చెప్తాం. బాగా పండి పసుపు తిరిగి మెత్తబడిన కాయలో ఆ పాలు ఉండవు, 15 ఏళ్ళ పిల్లకి దాంతో ఏ ఇబ్బందీ రాదు, ఈ మాట ఆవిడ పక్కన కూర్చుని నిదానంగా చెప్పండి.

మందు మొదలుపెట్టిన నెలకి మళ్ళీ టెస్ట్ చేయించండి, కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరిగినా టాబ్లెట్ ఆపొద్దు, 12 దాటాక కూడా డాక్టర్ చెప్పినన్ని నెలలు వాడాలి. అస్సలు పెరగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, కారణం వేరే ఉండొచ్చు.