పాప డాన్స్ వీడియోకి ఫోన్ కొనాలా, హ్యాండీక్యామ్ కొనాలా? ఎన్ని మెగాపిక్సెల్స్ ఉండాలి?

మీ పాప కూచిపూడి ప్రోగ్రాం మైలాపూర్‌లో ఉందని, బడ్జెట్ ముప్పై వేలని, 50 మెగాపిక్సెల్ సరిపోతుందా లేక 108 ఉన్నది తీసుకోవాలా అని అడిగారు. ముందు మెగాపిక్సెల్ సంగతి తేల్చేద్దాం. 4కె వీడియోలో ఒక ఫ్రేము అంటే 3840 అడ్డం, 2160 నిలువు, మొత్తం సుమారు 83 లక్షల పిక్సెళ్ళు. ఫుల్ హెచ్‌డీ అయితే 21 లక్షల లోపే. 108 మెగాపిక్సెల్ అంటే పది కోట్ల ఎనభై లక్షలు, మీ వీడియోకి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. ఫొటోల్లో కూడా ఆ ఫోన్లు మామూలుగా తొమ్మిదేసి పిక్సెళ్ళను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ బొమ్మే ఇస్తాయి. ఆ అంకె చూడ్డం మానేయండి. నేను చెప్పాలనుకున్నది సౌండ్ గురించి, దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా అడగలేదు.

మా అక్కావాళ్ళు కూడా చెన్నైలోనే ఉంటారు. మా మేనకోడలి రంగప్రవేశానికని బావగారు ప్రత్యేకంగా కొత్త ఫోన్ కొన్నారు. ఆయన ఇంజనీరు, ఏది కొన్నా ఎక్సెల్ షీట్ వేసి కొంటారు. సెన్సర్ సైజు, అపర్చర్, రిఫ్రెష్ రేటు, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అన్నిటికీ కాలమ్స్ ఉన్నాయి. మైక్‌కి లేదు. బాక్సు మీద మైక్ ఎంత పెద్ద శబ్దం తట్టుకుంటుందో రాసి ఉంటే కదా షీట్‌లోకి ఎక్కేది! చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏ షాపులో అడిగినా ఏఐ అంటారు, మెగాపిక్సెల్ అంటారు, మైక్ గురించి అడిగితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు చూపిస్తారు. రివ్యూలు చేసేవాళ్ళూ అంతే, పట్టపగలు పార్కులో పూలు తీసి కెమెరా బ్రహ్మాండం అంటారు. చీకటి హాల్లో, మృదంగం ముందు కూర్చుని పరీక్షించినవాళ్ళు నాకు ఒక్కరూ కనపడలేదు.

ప్రోగ్రాం మొదలైంది. బావగారు ఐదారు వరుసల వెనక నుంచి చేత్తో పట్టుకుని జూమ్ చేసి తీస్తున్నారు. స్టేజి వెనక నల్ల తెర, పాప మీద స్పాట్‌లైటు. ఫోను ఆ నలుపంతా చూసి వెలుతురు చాలట్లేదనుకుని బ్రైట్‌నెస్ పెంచేసింది, దాంతో పిల్ల ముఖం తెల్లటి మచ్చలా తేలిపోయింది. కళ్ళు, కనుబొమలు ఏవీ తెలియట్లేదు, అభినయమంతా అక్కడే కదా ఉండేది. సరే, దాన్ని ఎలాగో సర్దుకోవచ్చు. తరంగం వచ్చేసరికి అసలు బాధ మొదలైంది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి పిల్ల జతులు వేస్తుంటే నట్టువాంగం, మృదంగం, గజ్జెలు ఒక్కసారిగా లేచాయి. మామూలుగా వదిలేస్తే ఫోన్ సౌండ్ లెవెల్ తనే చూసుకుంటుంది: పెద్ద శబ్దం రాగానే మొత్తాన్ని తొక్కేస్తుంది, కాస్త నెమ్మదించగానే పైకి లాగుతుంది. రికార్డింగ్‌లో మృదంగం దెబ్బ పడ్డ ప్రతిసారీ పాట మునిగిపోయి మళ్ళీ తేలుతోంది. మాటలు స్పష్టంగా వినపడాలని పెట్టిన నాయిస్ తగ్గించే ఏర్పాటు గజ్జెల సవ్వడిని రొద అనుకుని గీకేసింది. కూచిపూడి వీడియోలో గజ్జెలు వినపడకపోతే ఇంకేం మిగిలింది! అది చాలదన్నట్టు సరిగ్గా అప్పుడే టిఫిన్ల కాంట్రాక్టరు ఫోన్ చేశాడు, రికార్డింగ్ ఆగిపోయింది.

నేను మాత్రం ఆ రోజు స్నేహితుడి పాత హ్యాండీక్యామ్ ట్రైపాడ్ మీద పెట్టాను. దానికి తోడు ఒక చిన్న ఆడియో రికార్డర్ పట్టుకెళ్ళి, మైక్ సెట్ అబ్బాయిని బతిమాలి స్టేజి మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్ నుంచి ఒక లైన్ తీసుకున్నాను. ఆ హ్యాండీక్యామ్‌కి 4కె లేదు, ఫుల్ హెచ్‌డీయే. బొమ్మ గొప్పగా ఏం రాలేదు, నీడల్లో నలకలు కనిపిస్తాయి. కానీ గాయని గొంతు, వయొలిన్, నట్టువాంగం విడివిడిగా, ఎదురుగా కూర్చుని విన్నట్టే వచ్చాయి. మిక్సర్ లైన్‌లో ఒక లోటుంది, మైకుల ముందు పలికినవే అందులో వస్తాయి. గజ్జెలు, పాదాల చప్పుడు, చప్పట్లు సరిగా రావు. వాటికోసం కెమెరా సౌండ్ కొంచెం కలిపాం. రెండు వేర్వేరు యంత్రాలు కాబట్టి గంట గడిచేసరికి బొమ్మకీ పాటకీ పొంతన కొద్దిగా తప్పుతుంది, అందుకని ఒక్కో అంశాన్నీ విడిగా కత్తిరించి మొదటి జతి దగ్గర సరిపెట్టాలి. ఓపిక కావాలి, అయినా చేయండి. మా ఇంట్లో ఇవాళ్టికీ అందరూ చూసేది ఆ ఫుల్ హెచ్‌డీ వీడియోనే. 4కె ఫైల్ బావగారి హార్డ్‌డిస్క్‌లో పడి ఉంది.

ఇక మీ ముప్పై వేల సంగతి. ఫోనే కొనండి, ఎందుకంటే హ్యాండీక్యామ్ ఏడాదికి రెండుసార్లు కూడా బయటికి రాదు, జూమ్ కావాలంటే ఆ ఒక్కరోజుకి అద్దెకి తెచ్చుకోండి. సోనీ సీఎక్స్405 లాంటి చిన్న హ్యాండీక్యామ్‌కి 30 రెట్ల ఆప్టికల్ జూమ్, అంటే లెన్సుతోనే దగ్గరికి లాగే జూమ్, ఉంది, ఏ వరుసలో కూర్చున్నా ముఖం దొరుకుతుంది. కాకపోతే లోపల వెలుతురు పట్టే సెన్సర్ చిన్నది, 1/5.8 అంగుళాలది, చీకట్లో నీరసపడుతుంది, బయటి మైక్ పెట్టుకోవడానికి జాక్ కూడా లేదు. ఫోన్‌లో చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా చూసే ఆప్టికల్ స్టెబిలైజేషన్, పెద్ద సెన్సర్, ఈ రెండూ మెయిన్ కెమెరాకి ఉన్నాయో లేదో చూడండి. అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, దాని అంకె చిన్నదైతేనే మంచిది, ఎఫ్/2.8 కంటే ఎఫ్/1.8 రెండు రెట్లకు పైగా వెలుతురు లోపలికి రానిస్తుంది. 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాలు ఒకటో రెండో అతికించి వెనక నాలుగు కళ్ళు పెట్టి అమ్మేవాటికి డబ్బు పోయకండి. హెడ్‌ఫోన్ జాక్ తీసేయడం మీద నాకు చాలా కోపం ఉంది, ఒకప్పుడు మామూలు కాలర్ మైక్ నేరుగా గుచ్చితే పనైపోయేది, ఇప్పుడు దానికి వేరే డబ్బు పెట్టి టైప్-సి మైకో వైర్‌లెస్ మైకో కొనాలి. అయినా కొనండి, మిగిలిన డబ్బుతో ట్రైపాడ్, ఒక చిన్న రికార్డర్ తీసుకోండి.

హాల్లో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఇది మర్చిపోతే మిగతావన్నీ వృథా. పాప ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) లాక్ అవుతాయి, తర్వాత బ్రైట్‌నెస్ కొంచెం కిందికి జరపండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్ఈడీ లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు గానీ వీడియోలో చారలు పడతాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే సమయం, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టుకోగలిగితే ఆ బెడద ఉండదు, ఇలాంటివి మనమే మార్చుకోనిచ్చే ప్రో మోడ్ ఉన్న ఫోన్ తీసుకోమనేది అందుకే. స్టోరేజీ కూడా చూసుకోండి. ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది, సెకనుకి 30 ఫ్రేముల 4కె వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ, ఫుల్ హెచ్‌డీ అయితే 60. రెండు గంటల ప్రోగ్రాంకి లెక్క వేసుకుంటే ఒకటి 20 జీబీ దాటుతుంది, రెండోది ఏడు జీబీ పైచిలుకు. మీ పనికి ఫుల్ హెచ్‌డీ చాలు.

మైక్ సెట్ వాళ్ళతో మాత్రం ప్రోగ్రాం రోజు కాదు, రిహార్సల్ రోజే మాట్లాడుకోండి, ఏ కేబుల్ కావాలో అప్పుడే తెలుస్తుంది. ఇంకో మాట, చుట్టాలకి వీడియో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నలిపేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పెట్టండి, 2 జీబీ వరకు ఫైల్ ఉన్నదున్నట్టే వెళ్తుంది.