కోవిడ్ రిపోర్ట్ రాకపోతే అర్జెంట్ ఆపరేషన్ ఆపేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021 సెకండ్ వేవ్‌లో మా తమ్ముడికి అపెండిక్స్ నొప్పి వస్తే ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కోవిడ్ రిపోర్ట్ వస్తేనే ఆపరేషన్ అన్నారు, అది మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు, ఈలోపు అపెండిక్స్ పగిలిపోయింది. వాడు బతికాడు గానీ చాలా అవస్థ పడ్డాడు. అలా ఆపడం కరెక్టేనా? రేపు ఇంకో వైరస్ వస్తే మేం ఏం అడగాలి?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నిజమైన ఎమర్జెన్సీ అయితే రిపోర్ట్ కోసం ఆగకూడదమ్మా. శాంపిల్ తీసి పంపించి, పేషెంట్ పాజిటివే అనుకుని అందరూ పీపీఈ వేసుకుని ఆపరేషన్ మొదలుపెట్టేయాలి. పేగు మెలిపడినా, కడుపులో రక్తం కారుతున్నా, కడుపులో బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా టెస్టు వచ్చేదాకా ఆగే టైమ్ ఎక్కడుంటుంది? అపెండిక్స్ సంగతి కొంచెం వేరు, పగలకుండా మొదట్లోనే ఉంటే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తూ చూడొచ్చు, కోవిడ్ టైమ్‌లో చాలాచోట్ల అలా చేశారు కూడా. కానీ గంటగంటకీ పల్స్, జ్వరం, పొట్ట చూస్తూ ఉండాలి, రిపోర్ట్ రానీ అని ఊరికే పడుకోబెట్టడం మాత్రం తప్పే.

డాక్టర్ల భయంలోనూ నిజం ఉంది. నేను మత్తు డాక్టర్ని, గొంతులోకి ట్యూబ్ వేసేటప్పుడు మా మొహం పేషెంట్ నోటికి జానెడు దూరంలో ఉంటుంది, ఆ టైమ్‌లో దగ్గితే తుంపరలన్నీ మా మీదికే. అందుకే వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపల చూపించే కెమెరా ఉన్న పరికరం) వాడతాం, స్క్రీన్ చూస్తూ కాస్త ఎడంగా ఉండొచ్చు. ట్యూబ్ వేసేటప్పుడు గదిలో అవసరమైన వాళ్లే ఉంటారు, సర్జన్‌తో సహా మిగతావాళ్లు బయట ఆగి, గాలి మారాక లోపలికొస్తారు. ట్యూబ్‌కీ ఊపిరి ఇచ్చే మెషిన్‌కీ మధ్య వైరస్ ఫిల్టర్ ఉండాల్సిందే. సిజేరియన్లకి వీలైతే వెన్నులో ఇంజెక్షన్ ఇస్తాం, ట్యూబ్ గొడవే ఉండదు, తల్లి మాస్క్ పెట్టుకునే ఉంటుంది. ఇంకోటి, మామూలుగా థియేటర్‌లో గాలిని లోపల్నుంచి వరండాలోకి నెడతారు, వైరస్ కేసులో అది రివర్స్ అవ్వాలి, ఆ సౌకర్యం లేకపోతే కనీసం తలుపులు మాటిమాటికీ తియ్యకూడదు.

పేషెంట్‌కి కూడా రిస్క్ ఉంది. 2020లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో 24 దేశాల్లో ఆపరేషన్ టైమ్‌లో కోవిడ్ ఉన్న 1128 మందిని చూస్తే, 30 రోజుల్లో 23.8 శాతం మంది చనిపోయారు. ఇలాంటి రిస్క్ వల్లే ఆగగలిగే ఆపరేషన్లని కోవిడ్ వచ్చాక 7 వారాలు వాయిదా వేయమని అప్పట్లో అన్నారు. ఆగలేని వాటికి ఈ వాయిదా లెక్క వర్తించదు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో పాజిటివ్ గర్భిణులకి సిజేరియన్లు చేశారు, 2021లో అక్కడి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో కోవిడ్ వచ్చినవాళ్లకి సోకిన బ్లాక్ ఫంగస్ ఆపరేషన్లు వరసపెట్టి చేశారు. జాగ్రత్తలుంటే చెయ్యొచ్చనేగా!

ఇక మీరు అడగాల్సింది: ఇది ఎన్ని గంటలు ఆగగలదు, ఈలోపు ఎవరు చూస్తుంటారు, ఇక్కడ చెయ్యలేకపోతే ఎక్కడికి పంపుతారు, ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పారా? మీ వైపు నుంచి జ్వరం, దగ్గు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ వచ్చినా దాచకుండా చెప్పండి. చెప్తే చేర్చుకోరేమోనని అప్పట్లో చాలామంది దాచేవాళ్లు, అలా దాస్తే ట్యూబ్ వేసే డాక్టర్ మామూలు మాస్క్‌తోనే లోపలికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది.