ఐస్‌లాండ్ భూతాపశక్తి గురించి మీ సందేహానికి సమాధానం

ఐస్‌లాండ్ విద్యుత్తులో అధిక భాగం జలవిద్యుత్తే అయినప్పుడు ఆ దేశాన్ని భూతాపశక్తికి (భూగర్భపు వేడి నుంచి పొందే శక్తికి) ఆదర్శంగా ఎందుకు చెబుతారని, మీ వ్యాసంలో లెక్క కుదరడం లేదని రాశారు. మీ లెక్క సరైనదే. విద్యుత్తులో భూతాపశక్తి వాటా సుమారు 30 శాతమే. అయితే ఇళ్ల వెచ్చదనాన్ని విడిగా చూపండి: అక్కడ పదింట దాదాపు తొమ్మిది ఇళ్లకు ఆధారం భూగర్భపు వేడే. 1930లో రాజధాని రేక్యవిక్‌లో ఒక పాఠశాలకూ కొన్ని పదుల ఇళ్లకూ వేడి ఊటనీటిని గొట్టాల ద్వారా పంపడంతో ఇది ఊపందుకుంది. నెస్యావెట్లిర్ అనే భూతాపశక్తి కేంద్రంలో బావుల నీటిలోని ఖనిజాలు గొట్టాలను పూడ్చివేస్తాయి గనుక, ఆ వేడితో చల్లని మంచినీటిని 80 డిగ్రీలు దాటేలా కాచి, సుమారు 27 కిలోమీటర్ల గొట్టంలో నగరానికి పంపుతారు; దారిలో తగ్గే వేడి చాలా స్వల్పం. నాకు అన్నిటికంటే మెచ్చుకోదగినదిగా తోచేది, ఇళ్లలో వాడాక మిగిలిన సుమారు 35 డిగ్రీల నీటిని కాలిబాటల కింద తిప్పి మంచును కరిగించడం.