ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో మెట్లు ఊగుతున్నట్టు ఉంటే

ప్రోగ్రెసివ్ అంటే ఒకే అద్దంలో పైన దూరం చూపుకి, కింద దగ్గర చూపుకి పవర్ ఉండే కళ్ళజోడు. కొత్తగా అది పెట్టుకుని మెట్లు దిగుతుంటే నేల ఊగుతున్నట్టు అనిపిస్తే, పవర్ తప్పుగా ఇచ్చారేమో అని టెన్షన్ పడకండి. బహుశా మీరు అద్దం కింది భాగంలోంచి చూస్తున్నారు. అది సుమారు 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకం కోసం. మెట్టేమో కంటికి ఒకటిన్నర మీటరు కింద ఉంటుంది.

1. మెట్ల దగ్గర కళ్ళు మాత్రమే దించకండి, గడ్డం దించండి. చాలామంది వదిలేసేది ఇదే. గడ్డం ఛాతీ వైపు వంచితే చూపు అద్దం పై భాగంలోంచి పోతుంది, మెట్టు అంచు తేటగా కనిపిస్తుంది. నాకు అలవాటు కావడానికి వారం పట్టింది. అన్నాళ్ళూ రెయిలింగ్ వదల్లేదు!

2. పక్కకు చూడాలంటే తల తిప్పండి. అంచుల్లో కాస్త వంకర ఎంత ఖరీదైన అద్దానికైనా తప్పదు.

3. మధ్యమధ్యలో పాత జోడు పెట్టుకోవద్దు.

4. రెండు వారాలైనా తగ్గకపోతే షాపులో ఫిటింగ్ ఎత్తు (అద్దంలో మీ కంటిపాప ఏ ఎత్తుకి వస్తుందో ఆ కొలత) మళ్ళీ కొలవమనండి.