సైకాలజీ డిగ్రీ తర్వాత ఎటు? ఏ పీజీ, ఏ గుర్తింపు, ఏ ఉద్యోగం?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి బి.ఏ. సైకాలజీ మూడో సంవత్సరం చదువుతోంది. మానసిక వైద్యురాలిని అవుతానంటుంది. మా మరిదిగారేమో దూరవిద్యలో ఎం.ఏ. కట్టించి, ఇంటి దగ్గరే ఉంచి గ్రూప్స్‌కో బీఈడీకో చదివించమంటున్నారు. ఆయన మాట వినాలా, అప్పు చేసైనా బెంగళూరు పంపాలా? అసలు ఈ చదువుకు మన జిల్లాలో ఉద్యోగాలున్నాయా?

జవాబు: అమ్మా, మీ మరిదిగారి సలహాలోని మొదటి సగానికి ఇప్పుడు అవకాశమే లేదు. సైకాలజీతో సహా ఆరోగ్య, అనుబంధ రంగాల కోర్సులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపరాదని, 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఇది అమలులోకి వస్తుందని యూజీసీ విశ్వవిద్యాలయాలకు స్పష్టంగా చెప్పింది. ఎవరైనా ఏజెంటు మీ ఇంటికి వచ్చి, ఫలానా రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ సీటు ఇప్పిస్తానంటే, ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఆ నిర్ణయం ఎందుకు వచ్చిందో తెలిస్తే, మీ అమ్మాయి ఏ పీజీలో చేరాలన్న ప్రశ్నకూ సగం జవాబు దొరుకుతుంది. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య రంగంలోని కౌన్సెలర్లను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. మానసిక రోగులతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టులు అంతకు ముందు నుంచే 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలి, అంటే అందరూ ఆర్‌సీఐ అని పిలిచే సంస్థ, పరిధిలో ఉన్నారు. ఈ రెండు చట్టాల సారాంశం ఒక్కటే: మనుషుల మనసుతో పనిచేసేవారికి పుస్తక జ్ఞానం చాలదు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగుల దగ్గర కూర్చుని నేర్చుకున్న పని కావాలి. అందువల్ల పీజీని ఎంచుకునేటప్పుడు కళాశాల పేరు, ఊరు, భవనం కన్నా ముందు చూడవలసింది, ఆ రెండేళ్ళలో విద్యార్థిని ఎన్ని నెలలు ఆసుపత్రిలోనో పాఠశాలలోనో పనిచేస్తుంది, ఆ పనిని ఎవరు చూసి సరిదిద్దుతారు అన్నది.

మానసిక వైద్యురాలు అన్న మాట దగ్గర ఒక స్పష్టత అవసరం. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్ చేసి, ఆ తర్వాత ఆ శాఖలో ఎం.డి. చేయాలి, బి.ఏ. చదివినవారికి ఆ దారి లేదు. మీ అమ్మాయికి ఉన్నది సైకాలజిస్టు దారి. పరీక్షలతో సమస్యను అంచనా వేయడం, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేయడం, కుటుంబానికి మార్గం చూపడం వీరి పని. ఇది సైకియాట్రిస్టు పక్కన నిలబడే పని గానీ ఆయన కింది పని కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టును మానసిక ఆరోగ్య నిపుణుల్లో ఒకరిగా గుర్తించింది. అయితే ఆ గుర్తింపు ఎం.ఏ. పట్టాతో రాదు.

ఇన్నాళ్ళూ ఆ గుర్తింపుకు రాచబాట, సైకాలజీలో 55 శాతం మార్కులతో పీజీ పూర్తిచేసి, ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థలో రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ చేసి, మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవడం. నూతన విద్యావిధానం ఎం.ఫిల్. పట్టానే ఎత్తివేయడంతో ఈ కోర్సు సందిగ్ధంలో పడింది. దీనికీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం యూజీసీ 2025-26 ప్రవేశాల వరకు మినహాయింపు ఇచ్చింది. క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. స్థానంలో ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. (సైకాలజీలో వృత్తిపరమైన డాక్టరేటు) వంటి కొత్త కోర్సులను తీసుకువచ్చింది. మీ అమ్మాయి పీజీ ముగించేసరికి ఈ మార్పు కుదురుకుంటుంది. కాబట్టి సీనియర్లు నడిచిన దారినే ప్రమాణంగా పెట్టుకోకుండా, చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైటులోని ఆమోదిత సంస్థల జాబితాలో ఆ కోర్సు పేరు, సంస్థ పేరు, ఆమోద కాలం స్వయంగా చూసుకుని చేరాలి. "ఆమోదం త్వరలో వస్తుంది" అనే సంస్థలో చేరనే కూడదు. నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకునేవారు మన పట్టణాల్లో కనిపిస్తూనే ఉంటారు. వారిని చూసి ఇది సులువైన పని అనుకోవద్దు.

పర్యవేక్షణ అని ఇన్నిసార్లు ఎందుకంటున్నానో ఒక ఉదాహరణ చెబుతాను. దివ్యాంగ ధ్రువపత్రం కోసం, మానసిక ఎదుగుదల తక్కువగా ఉందని అనుమానించిన ఆరేళ్ళ బాబును ఒక తల్లి ఆసుపత్రికి తీసుకువచ్చిందనుకోండి. సైకాలజిస్టు బాబు ముందు ఒక చెక్క పలక పెడుతుంది. అందులో నక్షత్రం, వృత్తం, చతురస్రం వంటి పది ఆకారాల గుంటలు ఉంటాయి. వాటికి సరిపోయే పది చెక్క ముక్కలను బాబు ఎంత త్వరగా అమరుస్తాడో స్టాప్‌వాచీతో మూడుసార్లు చూస్తారు. దీన్ని సెగ్విన్ ఫామ్‌బోర్డు అంటారు. తర్వాత వైన్‌లాండ్ సామాజిక పరిపక్వత మాపనం ప్రకారం తల్లిని అడుగుతుంది: తన అన్నం తానే కలుపుకుని తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, పక్కింటికి ఒంటరిగా వెళ్ళి వస్తాడా? పలక వాడటం పూటలో నేర్చుకోవచ్చు. కానీ బాబు రాత్రంతా బస్సులో నిద్రలేక వచ్చాడా, కొత్తవారిని చూసి బెదిరాడా, చెవి సరిగా వినిపించదా, పింఛను రావాలన్న ఆత్రుతలో తల్లి ఉన్నదానికన్నా తగ్గించి చెబుతోందా, బాబును చిన్నబుచ్చలేక ఎక్కువ చేసి చెబుతోందా అన్నది పసిగట్టడం, పక్కన అనుభవజ్ఞురాలు కూర్చుని సరిదిద్దితే తప్ప రాదు. ఆ అంకె తప్పితే ఒక కుటుంబానికి నెలనెలా రావలసిన పింఛను ఆగిపోవచ్చు, లేదా మామూలు బడిలో చదువుకోగల పిల్లవాడి మీద జీవితాంతం ఒక ముద్ర పడవచ్చు.

ఇక బెంగళూరు విషయం. అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పేరు విని మీరు ఆ ఊరు అనుకుని ఉంటారు. మీ అమ్మాయి కోరుకునే క్లినికల్ శిక్షణకు నిమ్హాన్స్ గమ్యం కావచ్చు గానీ, అది పీజీ తర్వాతి మాట; అప్పుడు కూడా అదొక్కటే కాదు, రాంచీలోని కేంద్రీయ మనోచికిత్సా సంస్థ, తేజ్‌పూర్‌లోని గోపీనాథ్ బర్దలై సంస్థ, ఢిల్లీలోని ఇహ్బాస్ కూడా ఉన్నాయి. ఇప్పుడు బెంగళూరులో చేరితే చేరేది లక్షల్లో ఫీజు తీసుకునే ప్రైవేటు విశ్వవిద్యాలయంలో. వాటిలో మంచివి లేవనను. కానీ అప్పు ఈ దశలో తగదని నా అభిప్రాయం. ముందు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశానికి జరిపే ఏపీ పీజీసెట్ రాయించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సైకాలజీ శాఖ 1960లలో ఆచార్య కోనేరు రామకృష్ణారావు చొరవతో మొదలైన పాత శాఖ.  తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉంది. వీటితో పాటు జాతీయ స్థాయి సీయూఈటీ-పీజీ తప్పక రాయాలి; సాధారణంగా మార్చిలో జరిగే ఆ ఒక్క పరీక్షతో పుదుచ్చేరి, బనారస్ హిందూ, ఢిల్లీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రైవేటు ఫీజుతో పోలిస్తే కేంద్ర విశ్వవిద్యాలయాల ఫీజు తక్కువ. ఎం.ఏ. అని ఉన్నా ఎం.ఎస్సీ. అని ఉన్నా భేదం చూడనవసరం లేదు.

డిగ్రీ నాలుగో సంవత్సరం ఆనర్స్‌కు ఆగాలా అని మీ అమ్మాయి అడగవచ్చు. ఆనర్స్‌లో 75 శాతం వస్తే నేరుగా అధ్యాపకత్వానికీ పరిశోధనకూ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాసి పీహెచ్‌డీకి వెళ్ళవచ్చు కాబట్టి, పరిశోధన, అధ్యాపకత్వం ఇష్టమైన వారికి అది లాభమే. రోగులతో పనిచేయాలనుకునే వారు మూడేళ్ళతో ముగించి రెండేళ్ళ పీజీలో చేరడమే మేలని నేను చెబుతాను.

జిల్లాలో ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ప్రభుత్వ వైద్య కళాశాలల సైకియాట్రీ విభాగాలు, మద్యం, గంజాయి వ్యసన విముక్తి కేంద్రాలు, హింసకు గురైన మహిళలకు ఆశ్రయమిచ్చే సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ విభాగం, 14416 నంబరుతో 2022 నుంచి నడుస్తున్న టెలీ-మానస్ వంటి చోట్ల సైకాలజీ చదివినవారికి పని ఉంది. అయితే వీటిలో చాలావరకు కాంట్రాక్టు పద్ధతి నియామకాలే, జీతం కూడా చదివిన చదువుకు తగినంతగా ఉండదు. ఈ నోటిఫికేషన్లు అప్పుడప్పుడు వచ్చి, తక్కువ గడువుతో ముగిసిపోతాయి కాబట్టి జిల్లా వెబ్‌సైటును చూస్తూ ఉండాలి.

పాఠశాలలు, జూనియర్ కళాశాలల వైపు పరిస్థితి కొంత మారుతోంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇస్తూ, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సామాజిక కార్యకర్తనో నియమించుకోవాలని చెప్పింది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇంటర్, ఈఏపీసెట్, నీట్ హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అందరూ వెంటనే నియమిస్తారని నేను నమ్మను; కొందరు ఉన్న లెక్చరర్‌కే ఆ బాధ్యత అంటగడతారు. అయినా రానున్న కొన్నేళ్ళలో ఇక్కడ ఎక్కువ మందికి దొరికే పని ఇదేనని నా అంచనా. దీనికి కౌన్సెలింగ్ సైకాలజీలో మంచి పీజీ సరిపోతుంది, క్లినికల్ శిక్షణ తప్పనిసరి కాదు.

మీ టెక్కలికి పక్కనే ఉన్న ఉద్దానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధితో బాధపడేవారికి పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకునే మనిషికి తాగే నీటిమీద కూడా నియంత్రణ ఉంటుంది. కొబ్బరితోటలో పనికి వెళ్ళలేనన్న దిగులు, ఇంట్లో తన తర్వాత ఎవరికి వస్తుందోనన్న భయం, మందులు మధ్యలో మానేయడం, ఇవన్నీ ఆరోగ్య సైకాలజీ అనే శాఖ చూసుకునే విషయాలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖకు ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. మీ అమ్మాయి పీజీ ప్రాజెక్టుకు ఉద్దానాన్ని ఎంచుకుంటే, అక్కడి మాట, అక్కడి ఇళ్ళు తెలిసిన మనిషిగా తనకు ఉండే సౌలభ్యం ఢిల్లీ నుంచి వచ్చిన పరిశోధకులకు ఉండదు.

మిగిలిన దారులను క్లుప్తంగా ప్రస్తావిస్తాను. పైడిభీమవరం ఔషధ పరిశ్రమల్లాంటి చోట మానవ వనరుల విభాగాలు ఉన్నాయి గానీ, అక్కడ పోటీ ఎంబీఏ వారితో. కోరుకొండ సైనిక్ స్కూలు పిల్లలు వెళ్ళే ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారుల) ఎంపికల్లో అభ్యర్థులను పరీక్షించే సైకాలజిస్టులు ఉంటారు, పోస్టులు కొద్ది. యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు, ఇల్లు గడిపే బాధ్యత ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

మీ మరిదిగారి సలహాలోని రెండో సగాన్ని పూర్తిగా కొట్టిపారేయను. మామూలు బీఈడీ వద్దు గానీ, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఆర్‌సీఐ గుర్తింపుతో నడిచే స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీ వేరు. రెండేళ్ళలో ముగుస్తుంది, రిజిస్టరులో పేరు చేరుతుంది. సికింద్రాబాద్‌లోని నీపిడ్ వంటి జాతీయ సంస్థ ఈ రంగానికే ఉంది. ఇంటికి త్వరగా సంపాదన కావాలంటే, చిన్నపిల్లలతో ఓపిక ఉంటే, ఇది గౌరవమైన దారి. గ్రూప్స్ మాత్రం సైకాలజీతో సంబంధం లేని వేరే ప్రయాణం. సివిల్స్‌లో సైకాలజీ ఐచ్ఛికాంశంగా ఉన్నా, దాని కోసం ఇంట్లో కూర్చుని ఏళ్ళు గడపమని నేను ఎవరికీ చెప్పను.

ఈ వేసవిలో మీ అమ్మాయి చేయవలసిన పని ఒకటుంది. వారం రోజుల చైల్డ్ సైకాలజీ సర్టిఫికెట్లకు డబ్బు కట్టకుండా, విశాఖలోనే ఉంది కాబట్టి, మానసిక చికిత్సాలయంలో గానీ ప్రత్యేక పిల్లల పాఠశాలలో గానీ ఒక నెల స్వచ్ఛందంగా పనిచేసేందుకు తమ అధ్యాపకుల చేత ఉత్తరం రాయించుకుని వెళ్ళాలి. ఆ నెల తర్వాత కూడా రోగుల దగ్గర కూర్చోవాలనే ఉంటే పీజీసెట్, సీయూఈటీ రెండింటికీ దరఖాస్తు చేయించండి. బ్యాంకు రుణం గురించి, ఆర్‌సీఐ ఆమోదిత క్లినికల్ కోర్సులో సీటు వచ్చిన రోజున ఆలోచించవచ్చు.