61 దగ్గర లూకాస్-లెమర్ పరీక్ష తప్పు చెబుతోంటే

తప్పు మీ లూప్‌లో లేదండి, గుణకారంలో ఉంది. 2^p−1 ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చే ఈ పరీక్ష మీ ప్రోగ్రాంలో 2^31−1 వరకు సరిగ్గా చెప్పి, 2^61−1 మాత్రం ప్రధాన సంఖ్య కాదంటోందని రాశారు కదా. ఇందులో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 2^p−1తో శేషం తీస్తాం; p−2 సార్లు తిరిగాక 0 వస్తే అది ప్రధాన సంఖ్య. 61కి మీ విలువ దాదాపు 2^61 వరకు పెరుగుతుంది, దాని వర్గం 2^122 దాకా పోతుంది. 64 బిట్లలో అది పట్టదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు: "శేషం తీస్తున్నాను కదా" అనుకుంటారు. శేషం తీసేలోపే పై అంకెలు పోయాయి. పాడైన సంఖ్యకు శేషం తీసి లాభం లేదు.

మరి 37, 41, 43కి సరిగ్గానే వచ్చిందంటారా? అక్కడా లెక్క తప్పే. p విలువ 31 తర్వాత 61 దాకా మెర్సెన్ ప్రధాన సంఖ్యలు (2^p−1 రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలు) లేవు కాబట్టి, తప్పు లెక్క కూడా "కాదు" అనే చెప్పింది. నేనూ ఇలాగే రెండు రోజులు తిప్పలు పడ్డాను. చివరికి బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బస్సు కదలకపోతే, టికెట్ వెనక 5కి చేతితో వేసి చూశాను: 4, 14, 194కి 31తో శేషం 8, తర్వాత 62, శేషం 0. పద్ధతి సరైనదేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఇలా చేయండి:

1. గుణించే ముందే విలువను 128 బిట్ల రకంలోకి మార్చండి. గుణించాక మారిస్తే ఉపయోగం లేదు.
2. 2ని విడిగా చూడండి, దానికి లూప్ అసలు తిరగదు.
3. 61కి "అవును", 59కి "కాదు" రావాలి.

89కి 128 బిట్లూ చాలవు. అక్కడికి వెళ్లాలంటే పైథాన్‌లో రాయండి, పూర్ణాంకాల సైజు గురించి టెన్షన్ ఉండదు.