ప్రభుత్వ ఉద్యోగి ఫేస్‌బుక్‌లో అభిప్రాయం రాయొచ్చా?

తహసీల్దార్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరిన మీ చెల్లెలు పోస్టులు పెట్టొచ్చా అని మీరు అడిగారు. పెట్టొచ్చు, కానీ హద్దులున్నాయి.

ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. అప్పటికి సోషల్ మీడియా లేదు. అందుకే అందులో ఫేస్‌బుక్ మాట కనిపించకపోయినా, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం, పార్టీ ప్రచారం చేయడం తప్పే. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలోనైతే నిబంధన 9 ఈ విమర్శ గురించే. లైకు, షేరు కూడా సంజాయిషీ నోటీసు దాకా తీసుకెళ్లొచ్చు.

అలాగని నోరు పూర్తిగా కట్టేసినట్టు కాదు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫేస్‌బుక్ పోస్టు సహా ఆరోపణలతో సస్పెండైన ఒక ఉద్యోగిని కేసులో 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఆమె వైపే నిలిచింది. కానీ కోర్టు దాకా వెళ్లే టెన్షన్ ఎవరు పడతారు?

నన్ను ఎక్కువ భయపెట్టేది విమర్శ కాదు, ఫొటో. పింఛను జాబితా టేబుల్ మీద ఉండగా తీసిన సెల్ఫీని పెద్దది చేసి చూస్తే ఓ ముసలమ్మ ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా కనిపిస్తాయి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులోని సర్క్యులర్‌ను బయటికి ఫార్వర్డ్ చేయడమూ అంతే ప్రమాదం. ఫోన్ తీసే ముందు టేబుల్ మీది కాగితాలు తిరగేసి పెట్టమని చెల్లెలికి చెప్పండి.